ఫొటో వెనక రాయాల్సిన మాట

(కర్నూలులో చేసిన స్మారక ఉపన్యాసం)

 

ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆ మాస్టారి వృత్తి డ్రాయింగు పాఠాలు చెప్పడం, వ్యాపకం ఫొటోలు తీయడం. అచ్చు వేయించిన ప్రతి ఫొటో వెనకా మెత్తటి పెన్సిలుతో మూడు సంగతులు రాసి పెట్టేవారు: ఏ రోజు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు, అందులో ఉన్నది ఎవరు. పెన్నుతో గట్టిగా రాస్తే అచ్చు ముందువైపు తేలుతుందని పిల్లలకు చెప్పేవారు. ఆయన స్మారక ఉపన్యాసానికి రమ్మని పిలిచినప్పుడు నేను వేరే విషయం వెతుక్కోలేదు. 2009 అక్టోబర్ వరదలో ఈ ఊరి మనుషులు తమ కోసం తాము తీసుకున్న ఫొటోల గురించి, వాటి వెనక ఇంకా ఎవరూ రాయని ఆ మూడు సంగతుల గురించి మాట్లాడతాను.

ఆ సంవత్సరం ఎలా మొదలైందో మీకు గుర్తు చేయనక్కర్లేదు. వానలు మొహం చాటేశాయి. సెప్టెంబర్ వరకూ కరువు మాటే. సెప్టెంబర్ 28న దసరా. జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకున్న రెండు మూడు రోజులకే కృష్ణా, తుంగభద్ర పరీవాహకంలో వానలు విరుచుకుపడ్డాయి. మంత్రాలయంలో మఠంలోకి నీళ్లొచ్చాయి. అలంపురం మునిగింది. గాంధీ జయంతి నాటికి మన పాతబస్తీ నీళ్లలో ఉంది. కింద శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 885 అడుగులు నిండు మట్టంగా కట్టిన జలాశయంలో నీళ్లు 896 అడుగుల పైకి లేచాయి. ఈ అంకెలు ప్రభుత్వ కాగితాల్లో భద్రంగా ఉన్నాయి, ఎప్పటికీ ఉంటాయి. మీ వీధిలోకి నీళ్లు ఏ వైపు నుంచి వచ్చాయి, ఏ వేళకు వచ్చాయి, మీ గుమ్మం దాటి ఎంత ఎత్తు లేచాయి అన్నది మాత్రం ఆ కాగితాల్లో లేదు.

అది ఉన్నచోటు ఒకటి చూపిస్తాను. తెర మీది ఫొటో చూడండి.

ఒక ఇల్లాలు తన వంటింటిని తీసిన ఫొటో ఇది. చిన్న డిజిటల్ కెమెరా, ఫ్లాష్ వెలుగు సగమే పడింది. గోడ మీద అడ్డంగా, దారం పట్టి కొట్టినట్టు, ఒక బురద గీత. గీతకు దిగువన సున్నం ఉబ్బి పెచ్చులు లేచింది. ఎగువన గూట్లో పోపుల డబ్బా ఉంది, దానికి తడి కూడా తగల్లేదు. కిటికీ ఊచలకు గడ్డి, పాలిథిన్ సంచి, పిల్లాడి చెప్పు ఒకటి చుట్టుకొని ఉన్నాయి. గ్యాస్ బండ తేలుకుంటూ వెళ్లి పక్క గది గడపకు అడ్డం పడింది. గోడ మూలన సిమెంటు ఊడి ఇటుకలు కనిపిస్తున్నాయి చూశారా, వాటి వరసలు లెక్కపెట్టుకుంటూ పోతే గీత ఎత్తు అడుగుల్లో చెప్పేయవచ్చు. ఇటుక కొలత మనకు తెలుసు, మధ్యన సిమెంటు మందం తెలుసు. ఏ కొలబద్దా లేకుండా ఈ ఫొటో ఒక కొలత చెబుతోంది.

ఎందుకు తీశారమ్మా అని అడిగాను. నష్టపరిహారం కోసమని చెబుతుందనుకున్నాను. "ఇంటాయన ఊర్లో లేడు సార్. వచ్చినాంక నేను చెప్తే ఇంత ఎత్తున వచ్చినాయంటే నమ్మడని తీసినా" అంది. "అటక మింద పెట్టిన బియ్యం ఒక్కటే మిగిలినాయి, అవి గూడ తీసినా సూడండి" అని ఆ ఫొటో కూడా చూపించింది. చరిత్ర కోసం తీయలేదు ఆమె. తన భర్త ఒక్కడికి చూపించడానికి తీసింది. అందుకే అందులో అలంకారం లేదు, దూరం నుంచి వచ్చినవాడి ఆశ్చర్యమూ లేదు. చూపించాల్సిన గీత ఫొటో మధ్యలో ఉంది.

ఫొటో కింద కుడి మూలన నారింజ రంగు అంకెలు గమనించారా? 2007 జనవరి 8 అని ఉంది. చూడగానే దీన్ని పక్కన పెట్టేయాలనిపిస్తుంది. కానీ అదే మెమరీ కార్డులో జమ్మిచెట్టు దగ్గర పిల్లల్ని నిలబెట్టి తీసిన దసరా ఫొటో ఉంది. దాని మీద 2007 జనవరి 1 అని పడింది. పండగ పూట బ్యాటరీలు మార్చారు, కెమెరాలో తేదీ మొదటికి వెళ్లింది, ఎవరూ సరిచేయలేదు. దసరా సెప్టెంబర్ 28. దానికి ఏడు రోజుల తర్వాత అంటే అక్టోబర్ 5. నీళ్లు తీశాక ఇంటివాళ్లు తలుపు తోసుకొని లోపలికి అడుగుపెట్టిన రోజు. పండగ ఫొటో ఇచ్చి ఉండకపోతే వరద ఫొటోకు తేదీ దొరికేది కాదు. అందుకే పోగుచేయడానికి మీ దగ్గర ఫొటోలు అడిగినప్పుడు వరదవి మాత్రమే ఏరి ఇవ్వకండి, కార్డు మొత్తం చూడనివ్వండి అంటున్నాను.

ఇలాంటి ఫొటోల విలువ చెప్పడానికి ఇక్కడ నేను చాలా దూరం వెళ్లి రావాలి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో జాన్‌స్టౌన్ అనే ఒకప్పటి ఉక్కు మిల్లుల ఊరు ఉంది. 1889 మే 31న ఆ ఊరికి ఎగువన, సుమారు 14 మైళ్ల దూరంలో, సౌత్ ఫోర్క్ దగ్గర ఉన్న మట్టి ఆనకట్ట తెగింది. రెండు కోట్ల టన్నుల నీళ్లు కొండల మధ్య లోయలో పడి సుమారు గంటలో ఊరి మీదికి వచ్చాయి. 2,209 మంది పోయారు. అందులో 750 మందికి పైగా ఎవరో గుర్తుపట్టలేక పేర్లు లేని రాళ్ల కింద పూడ్చారు. ఆ ఆనకట్ట వెనక ఉన్న సరస్సు ధనవంతుల క్లబ్బుది. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ వంటివాళ్లు అందులో సభ్యులు. కట్ట అడుగున నీళ్లు వదిలే గొట్టాలు అంతకు ముందే తీసేసి ఉన్నాయి, తిరిగి పెట్టలేదు. చేపలు కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డం జాలీలు పెట్టారు. కోర్టుల్లో ఆ క్లబ్బు నుంచి బాధితులకు ఒక్క డాలరు రాలేదు.

ఆ వరదకు ముందు ఏడాదే, 1888లో, జార్జ్ ఈస్ట్‌మన్ తన కొడాక్ కెమెరాను అమ్మకానికి తెచ్చాడు. 25 డాలర్ల పెట్టె అది, నూరు గుండ్రటి బొమ్మలు పట్టే చుట్ట లోపల ఉండేది. అయిపోయాక కెమెరాను కెమెరాగానే కంపెనీకి పంపితే కడిగి ఇచ్చేవాళ్లు. అంటే మామూలు మనిషి చేతికి కెమెరా అప్పుడప్పుడే వస్తోంది. అయినా జాన్‌స్టౌన్ వరద ఫొటోల్లో ఈనాడు ఎక్కువగా కనిపించేవి బయటి ఊళ్ల నుంచి వచ్చిన వృత్తి ఫొటోగ్రాఫర్లు తీసి అమ్మినవే. నయాగరా నుంచి జార్జ్ బార్కర్ వచ్చాడు. ఆయన తీసిన వాటిలో అందరికీ తెలిసింది షుల్ట్జ్ ఇంటి ఫొటో. ఇల్లు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, పై అంతస్తు కిటికీలోంచి వేళ్లతో సహా పెద్ద చెట్టు ఒకటి దూసుకొచ్చి ఉంటుంది. జంట బొమ్మల పెట్టెలో పెట్టుకొని చూసి జనం నోరు వెళ్లబెట్టేవాళ్లు. ఆ సమయానికి ఆ ఇంట్లో ఆరుగురు ఉన్నారని, ఆరుగురూ బతికారని చెబుతారు. ఈ ముక్క కింద రాసి ఉంటే అది మనుషుల ఇల్లు. రాసి లేకపోతే జాతరలో చూసే వింత. ఫొటోలో ఉన్నదంతా ఒకటే, తేడా కింద ఉన్న ఆ ఒక్క వాక్యానిది.

జాన్‌స్టౌన్ విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ఫొటోలు ఇవి కావు, వరదకు ముందువి. లూయీ సెంపుల్ క్లార్క్ అని ఆ క్లబ్బు కుటుంబాలకు చెందిన కుర్రవాడు ఒకడున్నాడు. తర్వాతి కాలంలో ఆటోకార్ మోటారు కంపెనీ పెట్టింది ఆయనే. కుర్రతనంలో ఫొటోల పిచ్చి. వేసవి సెలవుల్లో స్నేహితుల్ని, తెరచాప పడవల్ని, వేషాలు కట్టి ఆడిన నాటకాల్ని, ఒడ్డున చెక్క నడవల్ని గాజు పలకల మీదికి ఎక్కించాడు. సరదాకి తీసుకున్నవి. ఆ సరస్సు ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఈ రోజు మనకు తెలుస్తున్నది ప్రధానంగా ఆ ఫొటోల వల్లే. కొండల మధ్య, మిల్లు కార్మికుల ఊరికి ఎగువన, పడవ షికారు చేసేంత నీళ్లు నిలబెట్టారన్నది ఎవరూ కాదనలేని విధంగా అందులో ఉంది. తీసినవాడు సాక్ష్యం చెప్పాలని తీయలేదు. ఆ పడవల వెనక కనిపించే నీళ్లే సాక్ష్యమయ్యాయి.

దీన్ని మన ఊరికి అన్వయించుకుంటే ఏమవుతుందో చూడండి. వరదకు పది నెలల ముందు, 2008 డిసెంబర్‌లో, తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. సంకల్‌బాగ్ ఘాట్లలో మునకలేసినవాళ్లలో ఎంతమంది ఫొటోలు తీసుకోలేదు? అమ్మమ్మను మెట్ల మీద కూర్చోబెట్టి, కొత్త కోడలి చేత దీపం పట్టించి, పిల్లాణ్ణి నడుం లోతు నీళ్లలో నిలబెట్టి. ఆ ఫొటోల్లో నదికి ఊరు ఎంత దగ్గరో ఉంది. మెట్లు ఎన్ని పైకి ఉన్నాయి, ఒడ్డున అప్పటికి ఏమేం కట్టారు, హంద్రీ నది వైపు గట్టు ఎలా ఉంది, అన్నీ వెనకాల పడి ఉన్నాయి. వరద ఫొటోను దాని పక్కన పెడితే నీళ్లు ఎంత లేచాయో పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఆ పుష్కరాల ఆల్బం మీ ఇంట్లో ఉండే ఉంటుంది, తెచ్చి చూపించండి.

ఈ కొలతలన్నీ ఎందుకు అని అడిగేవాళ్లకు నా జవాబు సూటిగానే ఉంటుంది. ఆ వరద ఎందుకంత పెద్దదైందన్న వాదన ఆనాడే లేచింది. జలాశయాల్లో నీళ్లు నిండుగా పట్టి ఉంచారని, వదలడంలో ఆలస్యం జరిగిందని కొందరన్నారు. అలాంటి వాన ఎవరూ ఊహించలేనిదని మరికొందరన్నారు. ఆ వాదన ఈ చిన్న ఫొటోలతో తేలుతుందని నేను అనను. కానీ కర్నూలు రెండు నదులు కలిసేచోట ఉంది. తుంగభద్ర ఎత్తున పారుతుంటే హంద్రీ నీళ్లకు దిగే దారి ఉండదు, వెనక్కు తన్ని వీధుల్లోకి ఎక్కుతాయి. అందుకని ఏ వీధిలోకి ముందు వచ్చాయి, ఎటు నుంచి వచ్చాయి, ఎన్ని గంటలు నిలబడ్డాయి అన్న ప్రశ్నలకు విలువ ఉంది. ఇంజనీర్లు వరద పోయాక గోడల మీది మరకలు కొలుస్తారు. నది పొడవునా రెండు మూడు చోట్ల మరకల ఎత్తు తెలిస్తే నీటి వాలు తెలుస్తుంది. వాలు, నది అడ్డుకోత, అడుగు నేల గరుకుదనం, ఈ మూటినీ పట్టుకొని ఎంత నీరు పారిందో లెక్కగడతారు. తర్వాతి గోడ ఎంత ఎత్తు కట్టాలి, బడి ఎక్కడ కట్టకూడదు అన్న నిర్ణయాలు ఇలాంటి లెక్కల మీదే నిలబడాలి. మన గోడల మీది మరకలకు ఆ దీపావళికే సున్నం కొట్టేశాం. కొట్టక ఏం చేస్తాం, పండగ. మరక ఇప్పుడు ఫొటోలోనే ఉంది.

ఒక లోటు కూడా చెప్పాలి. నీళ్లు వచ్చిన రాత్రి తీసిన ఫొటోలు దాదాపు ఏమీ లేవు. కరెంటు పోయింది, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది, ఆనాటి రెండు మెగాపిక్సెళ్ల కెమెరా ఫోన్లు చీకట్లో నల్లటి ముద్ద తప్ప తీయలేవు. పైగా ముసలివాళ్లను మిద్దె మీదికి ఎక్కించేవాడి చేతిలో ఫోను ఉండదు. కాబట్టి మన ఫొటోల్లో వరద తెల్లవారాకనే మొదలవుతుంది. రాత్రి జరిగింది అడిగి రాసుకోవాల్సిందే. ఒక్కొక్క నల్లటి ఫొటో మాత్రం పారేయకండి. ఒకాయన దగ్గర అలాంటిదొకటి ఉంది, మొత్తం చీకటి, మూలన ఒక చుక్క వెలుగు. "అది ఎదురు మిద్దె మీద మావోళ్ల టార్చిలైటు" అన్నాడు. ఆ చుక్క ఎత్తును బట్టి ఎదురింటివాళ్లు ఏ అంతస్తుకు ఎక్కారో తెలిసింది. ఆయన చెప్పకపోతే అది పాడైన ఫొటో.

ఈ ఫొటోలు మన చేతుల్లోంచి ఎలా జారిపోతున్నాయో వింటే మీకు బాధ కలుగుతుంది. 2009లో వాట్సాప్ వాడుక మన దగ్గర లేదు. కుర్రకారు ఫొటోలను బ్లూటూత్‌లో పంపుకున్నారు, ఆర్కుట్‌లో ఎక్కించారు. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. ఫొటోలు దించుకోవడానికి ఆ తర్వాత కొంత గడువు ఇచ్చారు, ఆ గడువు సంగతి తెలిసినవాళ్లెంతమంది? ఫొటోలు దాచుకునే పికాసా కూడా పోయింది. ఇక ఫోన్లు మార్చాం, పాతవి మార్పిడిలో ఇచ్చేశాం. కార్డులు బీరువా సొరుగుల్లో, దారప్పెట్టెల్లో ఉన్నాయి. ఇలాంటి కార్డుల్లో నిల్వ ఉన్నది ఏళ్ల తరబడి కదిలించకుండా వదిలేస్తే చెడిపోయే ప్రమాదం ఉంది. కాగితం మీది ఫొటోకు చెద భయం, దీనికి ఈ భయం. జాన్‌స్టౌన్ గాజు పలకలు నూట ముప్ఫై ఏళ్లు దాటి నిలిచాయి. మన ఫొటోలు ఇరవై ఏళ్లు నిలబడటం కష్టంగా ఉంది.

వరదను చూపే ఫొటోలే కాక వరదలో తడిసిన ఫొటోలు కూడా ఉన్నాయి, పెళ్లి ఆల్బములు. ఆ వారం పాతబస్తీలో ఏ మిద్దె మీద చూసినా పట్టుచీరల పక్కన ఫొటోలు ఆరబోసి ఉండేవి. రంగు ఫొటో కాగితం మీద జెలటిన్ పొర ఉంటుంది. బురద నీళ్లలో నానితే సూక్ష్మజీవులు ఆ పొరను తినేస్తాయి, రంగులు అంచుల నుంచి కరిగి లోపలికి వస్తాయి. 2011 మార్చి సునామీ తర్వాత జపాన్‌లో యమమోటో అనే చిన్న ఊళ్లో స్వచ్ఛంద కార్యకర్తలు బురదలో దొరికిన ఏడు లక్షలకు పైగా ఫొటోలను చల్లటి శుభ్రమైన నీళ్లలో ఒక్కొక్కటే కడిగి, దండేల మీద ఆరేసి, మళ్లీ ఫొటో తీసి, ఎవరివి వాళ్లకు ఇచ్చే పని పెట్టుకున్నారు. ఇళ్లు పోయినవాళ్లు వచ్చి పెట్టెల్లో తమ ముఖాలు వెతుక్కున్నారు. మొహాలు పూర్తిగా చెరిగిపోయిన వాటిని మునెమాసా తకహాషి అనే ఫొటోగ్రాఫర్ దేశదేశాల్లో ప్రదర్శనకు పెట్టాడు. మనం మరకపడిన పెళ్లి ఫొటోలను స్టూడియోకు ఇచ్చి కంప్యూటర్‌లో మరక తీయించాం, కొత్తది ఫ్రేము కట్టించాం, పాతది పారేశాం. పారేయనివాళ్లుంటే దయచేసి అలాగే ఉంచండి. ఆ మరక కూడా మనకు కావాలి.

మరో మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అన్ని ఫొటోలూ అందరికీ చూపించేవి కావు. తడిబట్టలతో మిద్దె మీద నిలబడ్డ ఆడవాళ్లున్నారు. పులిహోర పొట్లం కోసం చేతులు చాచిన పెద్దమనుషులున్నారు, వాళ్లు జీవితంలో అంతకు ముందు ఎవరి ముందూ చెయ్యి చాచి ఎరగరు. తీసినవాడికి ఫొటో మీద హక్కు ఉందని అంటారు. అందులో ఉన్నవాళ్ల మర్యాద కూడా దాంతోపాటు ఉంది. బయటి కెమెరాలు అడక్కుండా తీశాయి, అడక్కుండా చూపించాయి. ఊరివాళ్లు పోగు చేసుకునేచోట ఆ పద్ధతి వద్దు. అందులో ఉన్న మనిషి బతికుంటే అడగాలి, లేకపోతే ఇంటివాళ్లను అడగాలి. వద్దంటే భద్రపరచాలి, గోడకు పెట్టకూడదు. ఆ విషయంలో నా పట్టుదల సడలదు.

డేవిడ్ మెక్కల్లో అనే అమెరికా రచయిత 1968లో జాన్‌స్టౌన్ వరద మీద పుస్తకం రాశాడు. ఆయన మొదటి పుస్తకం అదే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆ వరద పాత ఫొటోలు కంటబడి, ఇదేమిటని తెలుసుకోబోయి ఆ పనిలో పడ్డాడు. అప్పటికి వరద జరిగి ఎన్నో దశాబ్దాలు దాటింది. ఎవరో దాచారు కాబట్టి ఆయనకు కనిపించాయి. మన ఫొటోల కోసం అలా వచ్చేవాడు ఇంకా పుట్టి ఉండకపోవచ్చు, మన చేతి కింద బడిలో చదువుతూ ఉండవచ్చు. అతను వచ్చేసరికి ఇది ఎవరిల్లు అని చెప్పగలిగేవాళ్లు మనలో మిగలరు. అంచేత చెప్పడం ఇప్పుడే జరగాలి.

పని పెద్దదేమీ కాదు. మనం కూర్చున్న ఈ గ్రంథాలయం వాళ్లు హాలు బయట రెండు బల్లలు వేసి, ఒక స్కానరు, రెండు రిజిస్టర్లు సిద్ధం చేశారు. కార్డు తెస్తే ఇక్కడే దించుకొని మీది మీకు ఇచ్చేస్తారు. వాట్సాప్‌లో ఫార్వర్డు చేయకండి, మామూలుగా అలా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన సమయం వంటి వివరాలు ఊడిపోతాయి. బాగున్నవి ఏరకండి, మసకవీ వణికినవీ కూడా తెండి. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న పిల్లలకు ఇవాళే ఫోన్ చేయండి, ఆ రోజుల్లో కెమెరాలు వాళ్ల చేతుల్లోనే ఉండేవి. రిజిస్టరులో ఒక్కో ఫొటోకు మాస్టారి మూడు సంగతులకు తోడు నాలుగోది ఒకటి రాయించండి: నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి. చదువు రానివాళ్లు చెబితే పిల్లలు రాస్తారు, చెప్పిన మాట చెప్పినట్టే రాయమన్నాం, పుస్తక భాషలోకి మార్చవద్దన్నాం.

హంద్రీ ఒడ్డున ఉన్న పేటల వాళ్లు ముందుగా రండి. ఇప్పటివరకు వచ్చిన వాటిలో ఎక్కువ తుంగభద్ర వైపువి. హంద్రీ వైపు నీళ్లు ఏ గంటకు ఎక్కాయో చెప్పే ఫొటో ఇంకా మనకు చేరలేదు.